కాలరు వెనక లేబులు

ఆమె పోయిందని హైదరాబాదు నుంచి సునీత ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏం చీర కట్టారు?" అని.

ఢిల్లీలో, లక్ష్మీనగర్ పీజీ హాస్టల్లో మూడేళ్ళు నా పక్క మంచం మీద పడుకున్న పిల్ల సునీత. నా నోటి సంగతి దానికి బాగా తెలుసు. అయినా, "నీకేమైనా మతి ఉందా? మనిషి పోయిందంటే చీరేంటే?" అని తిట్టింది. కామెర్లు ముదిరాయట. వాళ్ళ ఊరు నరసరావుపేటలోనే పది రోజుల్లో అంతా అయిపోయిందట. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. నేను అయ్యో అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ అదే ఆలోచన. ఎర్ర చీర కట్టి, దానికి ఎర్ర జాకెట్టు తొడిగి, చేతులకి ఎర్ర గాజులేసి, అంత బొట్టు పెట్టి పంపేసి ఉంటారు. ఆమెకి ఏమాత్రం ఓపిక మిగిలున్నా లేచి కూర్చుని అందర్నీ కడిగేసేది.

ఆమె పేరు రాయను. వేరే పేరు పెట్టి రాయొచ్చు, చాలామంది అలాగే రాస్తారు. కానీ ఆమెకి ఇంకో దొంగ పేరు తగిలించడానికి నాకు చెయ్యి రావడం లేదు. మేం దీదీ అనేవాళ్ళం. అక్కా అంటే పలికేది కాదు.

మా పీజీ మూడంతస్తుల ఇల్లు. కింద సీఏ కోచింగు పిల్లలు, మధ్యలో ఇంటి యజమానురాలు పంజాబీ ఆంటీ, పైన మేం అయిదుగురు తెలుగువాళ్ళం. మా అయిదుగురికీ కలిపి ఒక్క బీరువా, దాని తలుపుకి ఒక్క నిలువుటద్దం. పొద్దున ఏడున్నరకి ఆ అద్దం ముందు మేం నలుగురం వరసగా నిలబడాలి. ఆమె మంచం మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని, స్టీలు గ్లాసులో టీ తాగుతూ ఒక్కొక్కరినీ కిందనుంచి పైకి చూసేది. చెప్పులతో మొదలు. "జనం ముందు చెప్పులు చూస్తారే. మొహం తర్వాత, అదీ తీరికుంటే" అనేది. చూశాక ఆమె దగ్గర రెండే మాటలు. ఒకటి 'ఠీక్ హై', పర్లేదు అని. రెండోది 'మార్చుకో'. ఎందుకు మార్చుకోవాలో అడిగితే చెప్పేది, అందుకే ఎవరం అడిగేవాళ్ళం కాదు.

మా అయిదుగురిలో కడప అమ్మాయి ఒకసారి అడిగింది. కొత్తగా కుచ్చులు కుచ్చుల పాటియాలా సల్వారు కుట్టించుకుని, మురిసిపోతూ తిరిగింది అద్దం ముందు. "ఎందుకు దీదీ, బాగానే ఉంది కదా?"

"బాగుందే, బట్ట బాగుంది. నువ్వు దూరావు గదా అందులో. కల్యాణ మండపం తలుపుకి కర్టెను కట్టినట్టుంది."

కడప అమ్మాయి బాత్రూంలోకి పోయి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, నల్ల కుర్తా వేసుకుని వచ్చింది. "ఠీక్ హై" అంది దీదీ, టీ గుటక వేస్తూ. ఆ రోజు కాలేజీలో ఆ పిల్లని ముగ్గురు మెచ్చుకున్నారు. అదీ మా ఖర్మ. ఆమె అన్నవన్నీ నిజాలే అయ్యేవి, అందుకని తిట్టుకోవడానికి కూడా మాకు సరిగ్గా కుదిరేది కాదు.

నా సంగతి. మాది తణుకు పక్క. ఢిల్లీలో డిగ్రీ సీటొచ్చిందని మా అమ్మ రెండు నెలలు మిషను మీద కూర్చుని అయిదు జతలు కుట్టింది. మెడకి లేసు, చేతులకి లేసు, చున్నీ చుట్టూ లేసు. ఒక్కో జతకి మ్యాచింగు గాజులు, మ్యాచింగు స్టిక్కర్లు, మ్యాచింగు క్లిప్పులు, విడివిడిగా కవర్లలో పెట్టి, పైన రంగు రాసి మరీ పంపింది. నేను గదిలోకి అడుగుపెట్టిన అరగంటకి దీదీ నా సూట్‌కేసు తెరిచి మొత్తం మంచం మీద పోసింది.

"ఏమే, మీ అమ్మకి లేసు పిచ్చా?"

"అదేంటండీ, అలా అంటారు?"

"ముందు ఆ అండీని రేపు బస్సు బ్రిడ్జి ఎక్కినప్పుడు కిటికీలోంచి యమునలో పారేసి రా. తర్వాత మాట్లాడదాం."

తర్వాత మాట్లాడింది. మ్యాచింగు మీద నాకు గంట పాఠం. "బొట్టు, గాజులు, క్లిప్పు, చెప్పు, నాలుగూ ఒకే రంగులో పెట్టుకున్నావంటే, అర కిలోమీటరు నుంచే మద్రాసీ వస్తోందని తెలిసిపోద్ది. నువ్వు నోరు తెరవక్కర్లా. ఇక మూడేళ్ళు నిన్ను ఇడ్లీ అనే పిలుస్తారు. నన్ను పిలిచారు. ఇంక ఎవరూ పిలవరు." అంటూనే బ్లేడు తీసుకుని అయిదు జతల లేసూ కోసేసింది. ఎంత నేర్పుగా కోసిందంటే బట్ట మీద ఒక్క నూలుపోగు లేవలేదు. నేను పక్కన కూర్చుని కోసిన లేసు ఉండ చుట్టాను. ఆ ఆదివారం అమ్మ ఫోన్‌లో అడిగింది, "లేసు బాగుందన్నారా అమ్మా అక్కడ?" అని. అందరూ ఎక్కడ కుట్టించావని అడుగుతున్నారమ్మా అని చెప్పాను.

లేసు లేని ఆ మెరూన్ కుర్తాలో నేను నిజంగానే బాగున్నాను. అది ఇంకా మంట.

బస్సు గురించి ఆమెకో సిద్ధాంతం ఉండేది. మా కాలేజీకి లక్ష్మీనగర్ నుంచి రెండు బస్సులు మారాలి, ధౌలా కువాన్ దగ్గర దిగి మళ్ళీ ఎక్కాలి. ఆ రద్దీలో మగాళ్ళ చేతులెక్కడెక్కడ తిరుగుతాయో ఢిల్లీ బస్సెక్కిన ఏ ఆడపిల్లకీ చెప్పక్కర్లేదు. అందుకని ఆమె బస్సుకి ఒక వేషం, కాలేజీకి ఒక వేషం. పైన ఇంత మందాన పాత శాలువా కప్పుకుని, రెండు పిన్నీసులు చేతిలో పట్టుకుని ఎక్కేది. కాలేజీ గేటు దగ్గర శాలువా సంచిలోకి, జుట్టు భుజాల మీదికి, చెవులకి వెండి జుంకాలు. అంతా పది అడుగుల్లో అయిపోయేది, నడక ఆపేది కాదు. "మన ఒంటి మీద ఏం బట్టుండాలో చెప్పేది అద్దం కాదే పిల్లా, బస్సు. కారున్నదాని బట్టలు వేరు, బస్సుదాని బట్టలు వేరు. కారుదాని లాగా కనపడే బస్సుదాని బట్టలు ఇంకా వేరు, వాటికి బుర్ర కావాలి" అనేది.

ఒకసారి హోంసైన్సులో రీసెర్చి చేసే ఒకావిడ కాంటీన్లో మాకు కాగితాలు పంచింది. విద్యార్థినులు బట్టలు ఎంచుకునేటప్పుడు వాళ్ళని ప్రభావితం చేసేవేమిటి అని ప్రశ్న. కింద గళ్ళు: సౌకర్యం, స్నేహితులు, సినిమాలు, కుటుంబం, ధర, ఇతరములు. మేమందరం తల వంచుకుని బుద్ధిగా సౌకర్యం దగ్గర టిక్కు పెట్టాం. దీదీ మా కాగితాలన్నీ లాక్కుని చూసి పగలబడి నవ్వింది. "దొంగ మొహాల్లారా! సౌకర్యమంట, సౌకర్యం! నడుం కిందికి జారిపోయే జీన్సు వేసుకుని కూర్చోలేక చస్తా, సౌకర్యమంట!" తన కాగితంలో ఇతరములు అన్నచోట ఇంగ్లీషులో ఒక్క మాట రాసి ఇచ్చేసింది. 'భయం' అని రాసింది. ఆ రీసెర్చి ఆవిడ చూసి, ఇది మా లెక్కల కోడింగులో పట్టదు, గళ్ళల్లో ఏదో ఒకటి చెప్పు అంది. దీదీ సౌకర్యం మీద టిక్కు పెట్టి లేచిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆమెకి డబ్బులేదు. మాకూ లేదు, కానీ మాకు లేదని కాలేజీలో అందరికీ తెలుసు. ఆమెకి లేదని తెలియదు. బట్టలన్నీ సరోజినీ నగర్ బజారులో పోసే గుట్టల్లోంచి వచ్చినవే. నోయిడా, గుర్గావ్ ఫ్యాక్టరీలు విదేశాలకి కుట్టి, మిగిలిపోయినవీ లోపమున్నవీ అక్కడ పోస్తారు, లేబుళ్ళు కత్తిరించేసి. మంగళవారం పొద్దున కొత్త మూటలు విప్పే వేళకి ఆమె అక్కడుండేది, నన్ను వెంటేసుకుని. పక్కదాని చేతిలో ఉన్న గుడ్డనైనా సరే గుంజుకునేది. గుంజుకుని మొదట లోపలివైపుకి తిప్పేది. "బయట అందరూ నవ్వుతానే ఉంటారే, లోపల చూడు" అనేది. గీతల చొక్కాయితే పక్క కుట్టు దగ్గర గీతలు కలిశాయా లేదా. కలవకపోతే ఎంత బాగున్నా పడెయ్. వేలు తడిచేసి రుద్దితే రంగంటుకుందా, పడెయ్. చంక దగ్గర పట్టి రెండు వైపులకీ లాగు, కుట్టు పళ్ళికిలిస్తే పడెయ్. చంకల్లోకి ముక్కుపెట్టి వాసన కూడా చూసేది, అంతమంది మధ్య. రెండేళ్ళలో నాకు గుడ్డ గురించి తెలిసిందంతా ఆ గుట్టల ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెలుసుకున్నదే.

అక్కడే ఇంకో పని చేసేది. చిరిగిపోయి, ఎందుకూ పనికిరాక పక్కకి తోసేసిన వాటిలో ఒక్కోసారి లేబులు కత్తిరించడం మర్చిపోయుంటారు. అలాంటివి కొనేది, ఆ లేబులు కోసం. ఆదివారం మధ్యాహ్నం డాబా మీద కూర్చుని, వాటిని ఊడదీసి, తను వేసుకునే వాటికి చేత్తో కుట్టుకునేది. కాలేజీలో క్లాసులోకి రాగానే కుర్తా మీద వేసుకున్న చలి జాకెట్టు విప్పి కుర్చీ వీపు మీద వేసేది. వెయ్యడంలో ఒక విసురు ఉండేది, కాలరు వెనక్కి తిరగబడి లేబులు నలుగురికీ కనపడేలా పడేది. ఎవరన్నా అడిగితే, "లండన్‌లో మా కజిన్ ఉంది" అనేది. కజినూ లేదు, లండనూ లేదు. మా పీజీలో అయిదుగురికీ తెలుసు. బయట చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఆమె క్లాసులోనే రితిక అని వసంత్ విహార్ అమ్మాయి ఉండేది. కార్లో వచ్చేది. వాళ్ళమ్మకి నోయిడాలో బట్టల ఎగుమతి కంపెనీ, విదేశీ కంపెనీలకి కుట్టి పంపేది. ఆ రితికకి మా దీదీ అంటే ముచ్చట. వాళ్ళ మూడో సంవత్సరం, నా రెండో సంవత్సరం చలికాలంలో ఒకరోజు కాంటీన్లో చెప్పేసింది, "మమ్మీకి నీలాంటి కళ్ళున్న అమ్మాయి కావాలి యార్. ఎగ్జామ్స్ అవ్వగానే వచ్చెయ్, నేను మాట్లాడేశాను" అని.

ఆ రోజు దీదీ లక్ష్మీనగర్‌లో దిగాక నా చెయ్యి పట్టుకుని, "వచ్చేసిందే, వచ్చేసింది" అంది. అంతకు నెల ముందే వాళ్ళన్నయ్య బీఈడీ ఎంట్రన్సు ఫారం పోస్టులో పంపాడు. డిగ్రీ అవ్వగానే ఇంటికొచ్చి బీఈడీ చదివి ఊళ్ళోనే టీచరుగా చేరాలి, ఢిల్లీ ఖర్చు ఇక తన వల్ల కాదని ఖచ్చితంగా రాశాడు. ఉద్యోగం చూపిస్తే ఉండొచ్చు, లేకపోతే రావాలి. ఆమె ఆ ఫారం నింపలేదు. "చాక్‌పీసు పట్టుకుని, నేత చీర పిన్ను పెట్టుకుని, ఆ పిల్లకాయలకి ఎక్కాలు చెప్పాలా నేను? చస్తాను గానీ చెప్పను" అనేది. ఆ ఉద్యోగం తప్ప ఆమెకి ఇంకో దారి లేదు. అది నాకు తెలుసు, బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు కాంటీన్లో రితిక నన్ను చూసి ఆగింది. నేను మా అమ్మ కుట్టిన మెరూన్ కుర్తా వేసుకున్నాను. "బహుత్ ప్యారా హై! కహాఁ సే లియా?" ఎంత బాగుందో, ఎక్కడ కొన్నావు అంటూ కుర్తా చెయ్యి పట్టుకుని చూసింది. వసంత్ విహార్ అమ్మాయి నా బట్ట పట్టుకుని చూడటం. మా అమ్మ కుట్టిందని చెబుదామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు దీదీ అంది, "మేరా పురానా హై. ఇస్‌కో దే దియా."

తనది, పాతదైపోతే నాకిచ్చేసిందట. రితిక "అచ్ఛా, తభీ", ఓహో అందుకా, అని నవ్వి కుర్తా వదిలేసింది. నేను కూడా నవ్వాను. మా అమ్మ రెండు నెలలు కూర్చుని కుట్టిన కుర్తా తొడుక్కుని, పళ్ళికిలించి నవ్వాను.

ఆ వారమే డాబా మీద బట్టలు తీస్తుంటే ఆమె క్లాసులో కుర్చీ మీద వేసే కార్డురాయ్ జాకెట్టు కనిపించింది. ఉతికి తిరగేసి ఆరేసింది. కాలరు దగ్గర కుట్టిన లేబులుకి కింద చిన్న నాలుకలాంటి ముక్క ఉంది. కుట్టేటప్పుడు అది లేబులు వెనక్కి మడతపడి ఉంటుంది, ఆమె చూసుకోలేదు. ఉతుకుడికి మడత విప్పుకుని బయటికొచ్చింది. దాని మీద ఇంగ్లీషులో '8-9 ఇయర్స్' అని ఉంది. చిన్నపిల్ల గౌను లేబులు పీకి జాకెట్టుకి కుట్టుకుంది మహాతల్లి. అందరి కుట్లూ తిప్పి చూసే మనిషి తన కాలరు వెనక చూసుకోలేదు.

ఒక్క మాట చెబితే బ్లేడుతో కోసేసుకునేది. నేను ఆ ముక్కని వేలితో మళ్ళీ వెనక్కి మడిచి, బట్టలన్నీ మడతపెట్టి, ఆమె మంచం మీద పెట్టాను.

మా కాలేజీలో వీడ్కోలు రోజున ఒక ఆచారం ఉండేది. మూడో ఏడు వాళ్ళందరూ చీరలు కట్టుకొస్తారు. రెండో ఏడు వాళ్ళం ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు అనుకరించాలి. ఎవర్ని చేస్తున్నామో వాళ్ళే గుర్తుపట్టి లేచి రావాలి, అప్పుడు వాళ్ళ మెడలో బిరుదు రాసిన రిబ్బను వెయ్యాలి. దీదీని నేను చేస్తానన్నాను. నాకంటే ఎవరికి తెలుసు అన్నారు అందరూ. బిరుదు 'స్టైల్ ఐకాన్' అని కమిటీ రాసిపెట్టింది. రిబ్బను నేనే రాసుకుంటాను, బంగారు రంగు పెన్నుంది అని తీసుకున్నాను.

జాకెట్టు ఆమెనే అడిగాను. "నన్ను చేస్తున్నావా?" అని ఎంత సంబరపడిందో. చెప్పకూడదు కదా ఎవర్ని చేస్తున్నామో, కానీ జాకెట్టు అడిగితే తెలిసిపోదూ. అప్పటికప్పుడు ఇస్త్రీ చేసి తెచ్చింది. "అట్టా కాదే మొద్దూ. విసరగూడదు, వదలాలి. చెయ్యి వెనక్కి తిప్పి వదులు" అని కుర్చీ పెట్టి నాలుగుసార్లు వేయించింది నా చేత. నాలుగోసారికి ఠీక్ హై అంది.

ఆ రోజు పొద్దున్నే కాలేజీకొచ్చి ఇరవై మందికి కుచ్చిళ్ళు పెట్టింది. నోట్లో పిన్నీసులు, ఆ పిన్నీసుల మధ్యనుంచే తిట్లు. ఢిల్లీ పిల్లలకి చీర కట్టుకోవడం రాదు, అందరూ వాళ్ళ అమ్మల షిఫాన్లు పట్టుకుని ఆమె ముందు క్యూ కట్టారు. "పేట్ అందర్! ఫోటో తక్ సాఁస్ మత్ లేనా!" పొట్ట లోపలికి, ఫోటో అయ్యేదాకా ఊపిరి పీల్చొద్దు అని ఒక్కొక్కరి బొడ్డు మీద చరిచేది. తను మాత్రం బూడిద రంగు నూలు చీర కట్టింది, చేతుల్లేని నల్ల బ్లౌజుతో. ఆ హాల్లో అంత బాగున్న మనిషి ఇంకొకరు లేరు. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

నా వంతు వచ్చింది. స్టీలు గ్లాసు పట్టుకుని నడిచాను, ఆమె నడక. ఒక్కొక్కరినీ కిందనుంచి పైకి చూసి, "చేంజ్ కర్" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. దీదీ రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది, పక్కవాళ్ళకి నన్ను చూపిస్తూ. అప్పుడు జాకెట్టు విప్పాను. చెయ్యి వెనక్కి తిప్పి కుర్చీ మీద వదిలాను, కాలరు బయటికి. వంగి లేబులు కింది ముక్క వేలితో లాగి, పెద్ద గొంతుతో చదివాను. "దీదీ కా లండన్ వాలా జాకెట్! సైజ్... ఎయిట్ టు నైన్ ఇయర్స్!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో వచ్చి చూసి, అవును నిజంగానే ఉంది అని అరిచారు. ఇక నవ్వులు. అంత నవ్వు నా జీవితంలో ఇంకెప్పుడూ నాకోసం ఎవరూ నవ్వలేదు. కుర్తా కోసం చేశాను, అమ్మ కోసం చేశాను అని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అంత లేదు. నవ్వించడం బాగుంది, అంతే.

దీదీ లేచి వచ్చింది. నవ్వుతూనే వచ్చింది. తల వంచింది, నేను రిబ్బను వేశాను. మీద బంగారు అక్షరాలతో '8-9 ఇయర్స్'. వేస్తున్నప్పుడు ఆమె మెడ నా వేళ్ళకి తగిలింది, చెమటతో చల్లగా ఉంది. ఫోటోకి నిలబడింది. నేను కూడా పక్కనే నిలబడ్డాను.

రితిక మెల్లగా కుర్చీ దగ్గరికొచ్చి జాకెట్టు చేతిలోకి తీసుకుంది. వాళ్ళది ఆ వ్యాపారం. నవ్వలేదు. కాలరు తిప్పి లేబులు చుట్టూ కుట్టు చూసింది. "హాథ్ సే సిలా హై" అంది. చేత్తో కుట్టింది అని. తర్వాత దీదీ వైపు చూసి, "మమ్మీ ఇన్‌హీ కా మాల్ బనాతీ హై, యార్" అంది. ఆ లేబులు కంపెనీ వాళ్ళమ్మకి పని ఇచ్చే కంపెనీయే. ఒకరి లేబులు ఇంకోదానికి కుట్టడమంటే ఆ వ్యాపారంలో దొంగతనం కిందే లెక్క. ఫ్యాక్టరీలో ఎవరైనా ఆ పని చేస్తే ఆ రోజే పంపించేస్తారు. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే ఆగేదాన్నా అంటే, ఏమో, నా మీద నాకంత నమ్మకం లేదు.

రితిక జాకెట్టు మడిచి, కాలరు లోపలికి పెట్టి, కుర్చీలో ఉంచి వెళ్ళిపోయింది. ఒక్క కటువైన మాట అనలేదు. ఉద్యోగం మాట కూడా మళ్ళీ ఎత్తలేదు.

పరీక్షలయ్యాయి. దీదీ మూడు వారాలు ఎదురు చూసింది. ఫోను బాత్రూం తలుపు పక్కనే పెట్టుకుని స్నానానికి వెళ్ళేది, తలుపు సందులోంచి వింటూ. రెండుసార్లు తనే చేసింది, పనమ్మాయి ఎత్తి, రితిక ఇంట్లో లేదంది. పొద్దున అద్దం ముందు వరస అలాగే సాగింది. నన్ను కూడా చూసేది, ఠీక్ హై అనేది. ఒక్క తిట్టు తిట్టలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు.

వాళ్ళన్నయ్య వచ్చిన రోజు మాత్రం అడిగింది. ఆయన కింద ఆటో మాట్లాడుతున్నాడు. ఆమె సంచి జిప్పు వేస్తూ, తలెత్తకుండా అంది, "మడత ఎప్పుడు చూశావ్?"

"ఫిబ్రవరిలో. డాబా మీద."

"చెప్పుంటే కత్తిరించేదాన్ని గదే."

నేను ఆమె మంచం మీద దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"బాగా చేశావులే. నడక కూడా పట్టుకున్నావ్" అంది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆ రోజు అంత ఎండలోనూ ఆమె బస్సు శాలువా కప్పుకుని ఉంది, పిన్నీసులు లేకుండా.

మరుసటి ఏడు నా డిగ్రీ అయింది. రితికకి నేను నవ్వించిన పిల్లగా గుర్తున్నాను. వాళ్ళ మమ్మీ దగ్గర ఒక ఖాళీ ఉందని తనే కబురు చేసింది. నోయిడాలో గాజు గదిలో కూర్చున్న ఆ పెద్దావిడ నా ముందు ఆరు చొక్కాలు పడేసి, ఏది బాగుందో చెప్పమంది. నేను ఆరింటినీ లోపలివైపుకి తిప్పాను. పక్క కుట్టు దగ్గర గీతలు చూశాను. వేలు తడిచేసి రుద్దాను. చంక దగ్గర పట్టి లాగాను. ఒక్కదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తే ఆవిడ నవ్వేసింది. మూడు పక్కకి తీసి, ఎందుకో చెప్పాను. ఆవిడ ఆ మూడు చొక్కాలూ తనే తిప్పి చూసి, "యే సబ్ కిస్‌నే సిఖాయా?" అంది. ఇదంతా ఎవరు నేర్పారు?

"మా అమ్మ" అన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, చాలా పైకొచ్చాను. ఘాజియాబాద్‌లో ఇల్లు తీసుకున్నాను. లక్ష్మీనగర్ మీదుగా వెళ్తే పీజీ ముందు మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, ఆ ఇల్లు కనపడదు.

రెండేళ్ళ కిందట ఆమె నాకు ఫోన్ చేసింది. నంబరు సునీత ఇచ్చిందట. అప్పటికి బీఈడీ అయి, ప్రైవేటు స్కూల్లో చెప్తోంది. గొంతు అదే. "ఏమే, బాగున్నావా? పెద్ద మేడమ్ అయ్యావంటగా" అని నవ్వింది. తర్వాత, "మీ దగ్గర ఏమన్నా ఉంటే చెప్పవే. కుట్లు చూసే చెకింగు పనైనా సరే. సూపర్‌వైజరు గీపర్‌వైజరు అక్కర్లా. ఇక్కడ నాకు ఊపిరాడతల్లా" అంది. ఆమె నోటినుంచి బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. దానికి ఎలా మాట్లాడాలో కూడా ఆమెకి సరిగ్గా తెలియలేదు, మధ్యలో రెండుసార్లు నవ్వింది.

"తప్పకుండా దీదీ, బయోడేటా పంపండి" అన్నాను.

వారంలో పోస్టులో వచ్చింది. ఫోటోలో నేత చీర, భుజం మీద పిన్ను. నేనది నా బల్ల సొరుగులో పెట్టాను. ఆమె వచ్చి మా మేడమ్ ముందు ఒక్క చొక్కా తిప్పి చూసిందంటే చాలు, నాకు వచ్చిందంతా ఎక్కడిదో ఆ నిమిషంలో తెలిసిపోతుంది. ఆమె ఇంకో రెండుసార్లు ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు. తర్వాత చెయ్యలేదు.

ఆ నెలే మా చెకింగు సెక్షనులోకి ముగ్గురు అమ్మాయిల్ని తీసుకున్నాం. ముగ్గురికీ ఏమీ రాదు. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేనే నేర్పాను.